గుండె సంగతి రక్తం చెప్తుందా?

మన గుండె నిమిషానికి ఇంచుమించు 5 లీటర్ల రక్తాన్ని తోడిపోస్తుంది. ఒంట్లో ఉన్న రక్తమంతా కలిపినా దాదాపు అంతే. అంటే నిమిషం తిరిగేసరికి ఒంట్లోని రక్తమంతా ఒకసారి గుండెలోంచి వెళ్ళి వస్తుందన్నమాట. అలా వెళ్ళిన రక్తం వట్టి చేతులతో తిరిగి రాదు. గుండె కండరం దెబ్బతింటే అందులోంచి ఊడిపడ్డ ప్రోటీన్లను, గుండె మీద భారం పడితే అది విడుదల చేసే హార్మోన్లను వెంట తెస్తుంది. ధమనుల గోడల్లో మంట రాజుకుంటుంటే దాని తాలూకు ఆనవాళ్ళు కూడా రక్తంలో కనిపిస్తాయి. మోచేతి మడత దగ్గర సూది గుచ్చి తీసిన కాసింత రక్తంలో ఈ ఆనవాళ్ళను పట్టుకోవడం నేర్చిన శాస్త్రజ్ఞులు వాటికి బయోమార్కర్లు అని పేరు పెట్టారు. తెలుగులో జీవసూచికలు అందాం.

గుండెపోటు వచ్చిందో లేదో రక్తపరీక్షతో తేల్చవచ్చునని చాలామందికి తెలుసు. అంతగా తెలియనిది రెండో సంగతి. గండం గడిచి ఇల్లు చేరిన మనిషి వచ్చే ఏడాదికి, అయిదేళ్ళకు, పదేళ్ళకు ఎలా ఉంటాడన్నది కూడా రక్తం కొంత చెప్తుంది. ఆస్పత్రి నుంచి బయల్దేరబోతూ ప్రతి రోగీ, పైకి అన్నా అనకపోయినా, అడిగే ప్రశ్న ఇదే: "ఇంక భయం లేదు కదా డాక్టరుగారూ?" ఈ ప్రశ్నకు రక్తం ఇచ్చే జవాబు ఏమిటి, ఆ జవాబును ఎంతవరకు నమ్మాలి, నమ్మి ఏం చెయ్యాలి అన్నది ఈ వ్యాసంలో చూద్దాం.

తొలి సాక్షులు

ఈ కథ 1954లో న్యూయార్కులో మొదలవుతుంది. లాడూ, రోబ్లెవ్‌స్కీ, కార్మెన్ అనే ముగ్గురు, గుండెపోటు వచ్చినవాళ్ళ రక్తంలో ఎస్.జి.ఓ.టి. అనే ఎంజైము పెరుగుతుందని చూపించారు. కణం బతికున్నంతకాలం ఆ ఎంజైము కణంలోనే ఉంటుంది. కణం చచ్చి దాని పొర చిరిగితే రక్తంలోకి కారుతుంది. కుండ పగిలితేనే గదా నీళ్ళు నేల మీదికొచ్చేది! తడి చూసి కుండ పగిలిందని చెప్పడమే ఈ పరీక్షకు మూలసూత్రం. చిక్కేమంటే ఈ ఎంజైము కాలేయంలో కూడా బోలెడంత ఉంది. అందుకే ఈనాడు దాని పేరు గుండెజబ్బు వాళ్ళకంటే కామెర్ల రోగులకే ఎక్కువ పరిచయం. నేల తడిసిందని తెలిసింది గాని, ఏ కుండ పగిలిందో తెలియలేదు.

తరువాత వచ్చిన సాక్షితో మనకో చుట్టరికం ఉంది. కండరానికి తక్షణం అక్కరకొచ్చే శక్తి నిలవ ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థం. దాన్ని 1927లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి వెల్లడించినవాడు, మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. వాళ్ళిద్దరూ 1925లో ప్రకటించిన ఫాస్ఫరస్ కొలత పద్ధతి బయోకెమిస్ట్రీ విద్యార్థులకు కొత్త కాదు. ఆ ఫాస్ఫోక్రియాటిన్ మీద పనిచేసే ఎంజైమే క్రియాటిన్ కైనేజ్. దీంట్లో గుండె కండరంలో ఎక్కువగా ఉండే ఎం.బి. అనే రకాన్ని విడదీసి కొలవడం 1970లలో వాడుకలోకి వచ్చింది. ఎస్.జి.ఓ.టి. కంటే ఇది చాలా మెరుగు. అయినా కాలి కండరాలు, చేతి కండరాలు నలిగినా ఇది కొంత పెరుగుతుంది. పైగా రెండు మూడు రోజుల్లో మాయమైపోతుంది.

ట్రోపోనిన్ - గాయం చెప్పే సాక్షి

కండరం ఎప్పుడు బిగియాలో, ఎప్పుడు సడలాలో కాల్షియం మాట విని నిర్ణయించే ప్రోటీను ట్రోపోనిన్. దాన్ని 1960ల మధ్యలో జపాన్‌లో సెత్సురో ఎబాషి కనిపెట్టాడు. ఆయన చూసింది కండరం ఎలా పనిచేస్తుందని గాని, గుండెపోటు గురించి కాదు. ఇందులో టి, ఐ అనే రెండు భాగాలు గుండెలో ఒక రకంగాను, మిగతా కండరాల్లో మరో రకంగాను ఉంటాయి. ఆ తేడాను పట్టుకుని, గుండె ట్రోపోనిన్‌ను మాత్రమే గుర్తించే పరీక్షను 1980ల చివర్లో జర్మనీలో హ్యూగో కేటస్ బృందం తయారుచేసింది. ఇప్పుడు తడి చూసి ఏ కుండ పగిలిందో కూడా చెప్పవచ్చు.

ట్రోపోనిన్ రానున్న కాలం గురించి కూడా చెప్తుందని 1996లో బాగా తెలిసివచ్చింది. అమెరికాలో యూజీన్ బ్రాన్‌వాల్డ్, ఎలియట్ యాంట్‌మన్ ప్రభృతులు గుండెనొప్పితో వచ్చిన 1404 మంది రక్తాన్ని పరీక్షించారు. ట్రోపోనిన్ తక్కువగా ఉన్న 831 మందిలో 42 రోజుల్లో 8 మంది చనిపోయారు. ఎక్కువగా ఉన్న 573 మందిలో 21 మంది చనిపోయారు. మొదటి గుంపులో నూటికి ఒక్కరు, రెండో గుంపులో నూటికి 3.7 మంది. ఈ లెక్కను గుర్తుపెట్టుకోండి. దీనితో మనకు మళ్ళీ పని పడుతుంది.

ఆ తరువాత పరీక్షలు ఎంత సున్నితమయ్యాయంటే, ఇప్పుడు గుండెపోటు రాని మనిషి రక్తంలో కూడా ట్రోపోనిన్ లవలేశం దొరుకుతుంది. అందుకని ఆరోగ్యవంతుల్లో నూటికి 99 మందిలో ఎంతకు మించదో అక్కడ గీత గీశారు. 2009లో వెలువడిన ఒక పరిశోధనలో, జబ్బు నిలకడగా ఉండి, రోజువారీ పనులు చేసుకుంటున్న 3679 మంది గుండె రోగులను సగటున అయిదేళ్ళకు పైగా గమనించారు. వారిలో 100కి 11 మంది ఆ గీత దాటే ఉన్నారు. జబ్బు నిలకడగా ఉన్నా గుండె కండరం లోలోపల చినుకు చినుకుగా కారుతూనే ఉందన్నమాట. ఇలా ఎక్కువ ఉన్నవాళ్ళలో గుండె చేతగానిదైపోవడం, గుండెజబ్బుతో చనిపోవడం ఎక్కువగా కనిపించింది. చిత్రమేమంటే, మరోసారి గుండెపోటు వస్తుందా రాదా అన్నది మాత్రం ఆ సూచిక విడిగా చెప్పలేకపోయింది. సాక్షి తను చూసిందే చెప్తాడు. చూడనిది అడిగితే లాభం లేదు.

ఎన్.టి.-ప్రోబి.ఎన్.పి. - భారం చెప్పే సాక్షి

గుండె వట్టి పంపు మాత్రమే అనుకుంటూ వచ్చాం. 1981లో కెనడాలో అడాల్ఫో డి బోల్డ్, ఎలకల గుండె కర్ణికల నుంచి తీసిన రసాన్ని వేరే ఎలకలకు ఎక్కించి చూశాడు. వాటి మూత్రంలో ఉప్పూ నీరూ ఉన్నట్టుండి పెరిగిపోయాయి. అంటే గుండె ఒక గ్రంథి కూడా! తన మీద నీటిభారం ఎక్కువైనప్పుడు "ఆ ఉప్పూ నీరూ బయటికి తోసెయ్యండి" అని మూత్రపిండాలకు అదే కబురు పంపుతుంది. 1988లో జపాన్ శాస్త్రజ్ఞులు ఇలాంటి హార్మోనునే పంది మెదడులో చూసి, మెదడు పేరు మీదుగా బి.ఎన్.పి. అన్నారు. తీరా చూస్తే అది ప్రధానంగా తయారయ్యేది గుండె జఠరికల్లో! పేరు మాత్రం అలాగే నిలిచిపోయింది.

జఠరికల గోడలు ఒత్తిడికి సాగినప్పుడు 108 అమైనో ఆమ్లాల గొలుసు ఒకటి తయారై రెండుగా తెగుతుంది. 32 ఉన్న ముక్క పనిచేసే హార్మోను, బి.ఎన్.పి. మిగిలిన 76 ఉన్న ముక్క ఎన్.టి.-ప్రోబి.ఎన్.పి. ఈ రెండోదానికి ఒంట్లో పనేమీ లేదు గాని రక్తంలో ఎక్కువసేపు నిలుస్తుంది. పనిలేనివాడు వీధి అరుగు మీద కనిపించినట్టు ఎప్పుడూ కనిపిస్తుంటుంది గనక కొలవడానికి అనువైనది.

దీర్ఘకాలం మాట కొస్తే, 2005లో డెన్మార్క్ నుంచి వచ్చిన పరిశోధన చెప్పుకోదగ్గది. గుండె ధమనుల జబ్బున్న 1034 మందిని సుమారు 9 ఏళ్ళపాటు గమనించగా 288 మంది చనిపోయారు. బతికున్నవాళ్ళ రక్తంలో మొదట్లో ఈ సూచిక మిల్లీలీటరుకు 120 పికోగ్రాముల చుట్టుపక్కల ఉండేది. చనిపోయినవాళ్ళలో 386. పికోగ్రామంటే గ్రాములో లక్ష కోట్లవ వంతు! వయస్సు, మధుమేహం, రక్తపోటు, గుండె బిగువు వగైరాలన్నీ లెక్కలోకి తీసుకున్నా, ఈ సూచిక బాగా ఎక్కువున్నవారికి ముప్పు రెట్టింపు పైమాటగానే తేలింది. తొమ్మిదేళ్ళ తరువాతి సంగతి ఒక్క చుక్కలో ఇంతవరకైనా కనిపించడం సామాన్యం కాదు.

అయితే ఈ సాక్షికి కొన్ని అలవాట్లున్నాయి. ముసలితనంలో గొంతు పెంచుతాడు. మూత్రపిండాలు పాడైనా పెంచుతాడు. స్థూలకాయుల్లో గొంతు తగ్గిస్తాడు. అందుచేత రిపోర్టులో అంకె ఒక్కటే చూడకూడదు, ఆ అంకె ఎవరిదో చూడాలి.

సి.ఆర్.పి. - మంట చెప్పే సాక్షి

1930లో రాక్‌ఫెల్లర్ సంస్థలో టిలెట్, ఫ్రాన్సిస్ అనే ఇద్దరు న్యుమోనియా రోగుల రక్తంలో ఒక ప్రోటీనును చూశారు. న్యుమోనియా క్రిమి పైపొరలోని సి అనే పదార్థంతో కలిసేది గనక సి-రియాక్టివ్ ప్రోటీను అన్నారు. ఒంట్లో ఎక్కడ మంట, అంటే వైద్యులనే ఇన్‌ఫ్లమేషన్, పుట్టినా కాలేయం దీన్ని తయారుచేస్తుంది. ధమని గోడలో కొవ్వు పేరుకున్నచోట కూడా సన్నగా మంట ఉంటుంది. 1997లో అమెరికాలో పాల్ రిడ్కర్ బృందం, ఆరోగ్యంగా కనిపించే పురుషుల్లో సైతం సి.ఆర్.పి. ఎక్కువున్నవారికి తరువాతి ఏళ్ళలో గుండెపోట్లు ఎక్కువగా వచ్చాయని చూపింది. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపైతే మంచిది, 3 దాటితే ముప్పు ఎక్కువ అని లెక్క. కాని జలుబు చేసినా, చిగుళ్ళు వాచినా, మోకాలు బెణికినా ఇది పెరుగుతుంది. అందుకే ఒంట్లో ఏ నలతా లేనప్పుడు, కొన్ని వారాల ఎడంతో రెండుసార్లు చూడాలంటారు.

పొగా, నిప్పూ

ఇప్పుడు అసలు చిక్కు దగ్గరికొచ్చాం. నిప్పు లేనిదే పొగ రాదు, నిజమే. పొగను చూసి నిప్పుందని తెలుసుకుంటాం. అంతమాత్రాన విసనకర్ర పట్టుకుని పొగను విసిరేస్తే నిప్పు ఆరుతుందా? వైద్యశాస్త్రం ఈ పాఠాన్ని చాలా ఖరీదు పెట్టి నేర్చుకుంది.

రక్తంలో హెచ్.డి.ఎల్., అంటే మంచి కొలెస్టరాల్ అని మనం పిలిచేది, ఎక్కువున్నవారికి గుండెపోట్లు తక్కువ. ఇది ఎన్నోసార్లు రుజువైన సంగతి. అయితే మందుతో దాన్ని పెంచేస్తే సరి! అలా టోర్సెట్రాపిబ్ అనే మందు తయారైంది. 15,067 మంది మీద జరిపిన పరీక్షలో హెచ్.డి.ఎల్. నూటికి 72 వంతులు పెరిగింది. రిపోర్టు చూస్తే పండగే. కాని మందు తీసుకున్నవారిలో 93 మంది చనిపోగా, తీసుకోనివారిలో 59 మంది చనిపోయారు. 2006 డిసెంబరులో ఆ పరీక్షను అర్ధాంతరంగా ఆపేశారు. మందు రక్తపోటును కూడా పెంచిందని తేలింది. అంకె బాగుపడింది, మనిషి బాగుపడలేదు.

హోమోసిస్టీన్ కథా అంతే. అది ఎక్కువున్నవారికి గుండెజబ్బులు ఎక్కువ. ఫోలిక్ ఆమ్లం ఇస్తే అది తగ్గుతుంది. ఆ ఫోలిక్ ఆమ్లాన్ని 1940లలో లెడర్లీ ప్రయోగశాలలో సంశ్లేషణ చేసిన బృందానికి నాయకుడు కూడా మన సుబ్బారావుగారే. రక్తహీనతకు అది దివ్యౌషధమైంది. గుండె మాటేమిటి? 5522 మందికి అయిదేళ్ళపాటు ఫోలిక్ ఆమ్లం, బి విటమిన్లు, లేదా ఉత్తుత్తి మాత్రలు ఇచ్చి చూశారు. 2006లో ఫలితం వచ్చింది. హోమోసిస్టీన్ తగ్గింది, గుండెజబ్బు చావులు తగ్గలేదు.

ఇక ఎల్.డి.ఎల్., అంటే చెడు కొలెస్టరాల్, సంగతి వేరు. అది పొగ కాదు, పొయ్యిలో కట్టె. స్కాండినేవియా దేశాల్లో 4444 మంది హృద్రోగుల మీద సిమ్వాస్టాటిన్ మందును అయిదేళ్ళకు పైగా పరీక్షించి 1994లో ఫలితం ప్రకటించారు. ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారిలో 256 మంది, మందు తీసుకున్నవారిలో 182 మంది చనిపోయారు. ఇక్కడ అంకె తగ్గితే ప్రాణాలు నిలిచాయి. 1963లో నార్వేలో కారే బెర్గ్ కనిపెట్టిన లైపోప్రోటీన్-ఎ కూడా ఈ కట్టెల జాతిదే. అది తల్లిదండ్రుల నుంచి సంక్రమిస్తుంది. తిండి మార్చినా, వ్యాయామం చేసినా పెద్దగా కదలదు. అందుకే జన్మకు ఒకసారి చూస్తే చాలునంటారు.

మరి సి.ఆర్.పి. పొగా, కట్టా? అది పొగే. కాని ఆ పొగ వెనకాల మంట నిజమైనదేనని 2017లో తేలింది. గుండెపోటు వచ్చి, సి.ఆర్.పి. ఎక్కువగా ఉన్న 10,061 మందిలో, కొలెస్టరాల్ జోలికి పోకుండా మంటను మాత్రమే అణచే కెనకినుమాబ్ అనే మందును ప్రయోగించి చూశారు. సరిపడిన మోతాదులో గుండెపోట్లు, పక్షవాతాలు, ఆ చావులు కలిపి నూటికి 15 వంతులు తగ్గాయి. కాని ప్రాణం తీసే అంటురోగాలు కొంత పెరిగాయి. మొత్తం చావుల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఒంట్లోని మంటకు కూడా ఒక పని ఉంటుంది కదా!

నూటికి ముగ్గురు - అందులో నేనున్నానా?

1996 నాటి లెక్కను గుర్తుపెట్టుకోమన్నాను. ట్రోపోనిన్ ఎక్కువగా ఉన్న 573 మందిలో 21 మంది చనిపోయారు. తిరగేసి చూడండి: 552 మంది బతికారు. తక్కువగా ఉండి "ఫరవాలేదు" అనిపించుకున్న 831 మందిలో కూడా 8 మంది పోయారు. కాబట్టి ఎక్కువున్న ప్రతివాడూ పోడు, తక్కువున్న ప్రతివాడూ నిలవడు. ముప్పు నాలుగు రెట్లు అన్న మాట అబద్ధం కాదు. కాని ఆ మాట గుంపుకు చెందినది. ఒక్కొక్క మనిషికి అది జాతకం కాదు.

అలాగని పనికిమాలినదీ కాదు. మబ్బు పట్టిన రోజున ఫలానా వీధిలో వాన పడుతుందని ఎవరూ చెప్పలేరు గాని, గొడుగు పట్టుకెళ్ళడం తెలివైన పనే. డాక్టర్లు కూడా ఒక్క అంకెనే పట్టుకు వేలాడరు. 2017లో స్వీడన్‌లోని ఉప్సల పరిశోధకులు ముందుండి తయారుచేసిన ఒక పట్టికలో వయస్సు ఉంది, ట్రోపోనిన్, ఎన్.టి.-ప్రోబి.ఎన్.పి., ఎల్.డి.ఎల్. ఉన్నాయి. వాటితోపాటు పొగతాగుతాడా, మధుమేహం ఉందా, కాళ్ళ ధమనుల్లో జబ్బుందా అన్న ప్రశ్నలూ ఉన్నాయి. నోటితో అడిగి తెలుసుకునేవాటి స్థానాన్ని రక్తం ఆక్రమించలేదు. వాటి పక్కన చేరింది.

తెలుసుకుని ఏం చేస్తున్నాం?

సూచిక చెప్పింది, సరే. దాని వెంట పరుగెత్తితే మేలవుతుందా? గుండె బలహీనపడిన 894 మందిలో, సగానికి ఎన్.టి.-ప్రోబి.ఎన్.పి. 1000 కంటే దిగేలా మందులు సర్దారు. మిగతా సగానికి మామూలు పద్ధతిలోనే మంచి వైద్యం చేశారు. 2017లో ఫలితం తేలింది: ఇద్దరి గతీ ఒకటే. దీనికి భిన్నంగా 2022లో వెలువడిన మరో పరిశోధన ఉంది. అందులో ఆస్పత్రి నుంచి ఇంటికి వెళ్ళిన రోగుల్ని 1, 2, 3, 6 వారాలకు పిలిచి, పరీక్షించి, రెండు వారాల్లోనే పూర్తి మోతాదు మందులకు తీసుకెళ్ళారు. ఆరునెలల్లో చావులూ, గుండె బలహీనతతో మళ్ళీ ఆస్పత్రి పాలవడాలూ కలిపి 23.3 శాతం నుంచి 15.2 శాతానికి తగ్గాయి. అక్కడ కూడా రక్తపరీక్ష ఉంది. కాని అది కాపలాదారు మాత్రమే. పని చేసింది మందులు, సమయానికి జరిగిన పిలుపులు.

మన ఊళ్ళ సంగతి చూస్తే ఈ పాఠం మరీ అవసరం. ఉభయ గోదావరి జిల్లాల్లో 45 గ్రామాల్లో చావులకు కారణాలు లెక్కగట్టి 2006లో ప్రకటించారు. నూటికి 32 చావులు గుండె, రక్తనాళాల జబ్బుల వల్లే. గుండెజబ్బు పట్నవాసం దొరల జబ్బన్న మాట అప్పటికే పాతబడింది. 2011లో ప్రకటించిన మరో లెక్క 17 దేశాలది. గుండెపోటో పక్షవాతమో వచ్చినవాళ్ళలో ఆస్పిరిన్, స్టాటిన్ వంటి నాలుగు తరగతుల మందుల్లో ఒక్కటి కూడా వాడనివారు ధనిక దేశాల్లో నూటికి 11 మంది. మన దేశం చేరిన పేద దేశాల తరగతిలో 80 మంది! ఈ ఎనభై మందికి ముప్పు ఎక్కువని చెప్పడానికి ట్రోపోనిన్ అక్కర్లేదు. ఒక్క ఎన్.టి.-ప్రోబి.ఎన్.పి. పరీక్షకయ్యే ఖర్చుతో ఆస్పిరిన్ మాత్రలు ఎన్నో నెలలకు వస్తాయి.

మాత్రలు ఎందుకు మానేస్తారు? డబ్బు ఒక కారణం, దూరం ఒక కారణం. మూడోది, "నొప్పి లేదుగా, ఇంకెందుకు?" అనుకోవడం. రక్తసూచికలు మనకు నేర్పిన అన్నిటికంటే పెద్ద సంగతి సరిగ్గా ఇక్కడే పనికొస్తుంది. నొప్పి లేకపోవడమంటే జబ్బు లేకపోవడం కాదు. జబ్బు నిలకడగా ఉన్న 3679 మందిలో 100కి 11 మంది గుండెలు లోపల కారుతూనే ఉన్నాయని పైన చూశాం. మనిషికి తెలియనిది రక్తానికి తెలుసు.

కనక విద్యార్థి మిత్రులకు, పూర్వ విద్యార్థులకు ఒక మనవి. ఆరోగ్యంగా ఉన్నవారు డాక్టరు చెప్పనిదే ఈ పరీక్షల జాబితా పట్టుకుని లాబుల చుట్టూ తిరగనక్కర్లేదు. రిపోర్టులో నల్లక్షరాల అంకె చూసి బెంబేలెత్తనూ వద్దు, అంకె బాగుందని మాత్రలు గట్టున పెట్టనూ వద్దు. ఇంట్లో గుండెపోటు వచ్చి కోలుకున్న నాన్నగారో, మేనమామో, పిన్నిగారో ఉంటే, ఈ సెలవులకు వెళ్ళినప్పుడు మాత్రల డబ్బా ఒకసారి తెరిచి చూడండి. నిండుగా ఉందా, అడుగంటిందా, ఎన్ని వారాలుగా మూత తియ్యలేదు? పొగతాగడం మానారా? డాక్టరు మళ్ళీ రమ్మన్న తేదీ ఎప్పుడు? ఈ నాలుగు సంగతులు తెలుసుకోవడానికి సూది గుచ్చనక్కర్లేదు. ముందుకాలం గురించి అవీ సూచికలే, పైగా మన చేతిలో ఉన్న సూచికలు.